మూడే షాట్లు.. ఎంత ఆటో!

1973 జులై. స్కాట్లండ్‌ పడమటి తీరంలోని రాయల్‌ ట్రూన్‌ మైదానంలో ఓపెన్‌ ఛాంపియన్‌షిప్‌ తొలి రోజు. ఎనిమిదో హోల్‌ దగ్గర ఆడటానికి సిద్ధమైన జీన్‌ సారజెన్‌కి అప్పటికి 71 ఏళ్లు. సరిగ్గా యాభై ఏళ్ల కిందట, 1923లో, ఇదే ట్రూన్‌లో అర్హత పోటీలు కూడా దాటలేక వెనుదిరిగిన ఆటగాడాయన. ఐదో నంబరు ఐరన్‌ కర్ర తీసుకుని కొట్టాడు. బంతి గ్రీన్‌ మీద పడి, దొర్లి, గుంతలోకి వెళ్లిపోయింది. మర్నాడు అదే హోల్‌లో బంతి బంకర్లో చిక్కింది. ఇసుకలోంచి లేపిన బంతి మళ్లీ నేరుగా గుంతలోకే వెళ్లింది. రెండు రోజులకూ కలిపి మూడు షాట్లు. గ్రీన్‌ మీద బంతిని దొర్లించే పటర్‌ కర్రని బయటికి తీయాల్సిన పనే పడలేదు.

ఆ హోల్‌ పొడవు 123 గజాలు. ఓపెన్‌ జరిగే మైదానాల్లో అంతకన్నా పొట్టి హోల్‌ లేదు. గ్రీన్‌ మరీ చిన్నది కావడంతో ‘పోస్టేజ్‌ స్టాంప్‌’ అన్న పేరు దానికి స్థిరపడిపోయింది. చుట్టూ ఐదు బంకర్లు కాపలా కాస్తుంటాయి. 1950 ఓపెన్‌లో జర్మనీకి చెందిన అమెచ్యూర్‌ ఆటగాడు హెర్మన్‌ టిస్సీస్‌ ఈ బంకర్లోంచి ఆ బంకర్లోకి కొట్టుకుంటూ ఇక్కడే 15 షాట్లు తీసుకున్నాడు. అదే నేల, అవే గజాలు. ఒకరికి ఒకటి, ఇంకొకరికి పదిహేను! మంచి పొట్టి హోల్‌లో ఎంత ఆట దాగి ఉంటుందో చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు. మరి మైదానమంతా అలాంటి హోల్సే ఉంటే?

అలాంటి మైదానాలు ఉన్నాయి. గత పదిహేనేళ్లలో గోల్ఫ్‌ నిర్మాణంలో వచ్చిన అత్యుత్తమ పనుల్లో కొన్ని అక్కడే జరిగాయన్నది నా నమ్మకం. 7,500 గజాలు దాటిన పోటీ మైదానాల వార్తల మధ్య వాటికి రావాల్సినంత పేరు రాలేదు.

పటర్‌దే సగం కన్నా ఎక్కువ

ఆటతో పరిచయం లేనివారి కోసం కాస్త లెక్క. నైపుణ్యం ఉన్న ఆటగాడు ఒక హోల్‌ని ఎన్ని షాట్లలో పూర్తిచేయాలో చెప్పేదే పార్‌. ఏ హోల్‌ అయినా చివర్లో, నున్నగా కత్తిరించిన గ్రీన్‌ మీద, పటర్‌తో రెండు సార్లు కొడతారని ఆ లెక్కలోనే ఉంటుంది. కాబట్టి పార్‌-3 అంటే ఒక్క షాట్‌లో గ్రీన్‌ చేరగల దూరం. అమెరికా గోల్ఫ్‌ సంఘం మార్గదర్శకాల ప్రకారం పురుషులకు అది 260 గజాల దాకా, మహిళలకు 220 గజాల దాకా ఉండొచ్చు. సాధారణంగా 18 హోల్స్‌ మైదానంలో ఇలాంటివి నాలుగు ఉంటాయి, మొత్తం పార్‌ 72 అవుతుంది. అందులో 36 షాట్లు పటర్‌వే. అన్నీ పార్‌-3లే ఉన్న తొమ్మిది హోల్స్‌ మైదానానికి పార్‌ 27. అందులో 18 పటర్‌వి. అంటే మూడింట రెండొంతుల ఆట గ్రీన్‌ మీదే నడుస్తుంది!

చాలామంది నిర్మాతలు దశాబ్దాల పాటు పట్టించుకోనిది ఈ లెక్కనే. పెద్ద మైదానం కట్టగా ఓ మూల మిగిలిన స్థలంలో తొమ్మిది గుండ్రటి గ్రీన్లు, ప్రతిదానికీ అటొకటి ఇటొకటి బంకరు, అన్నీ ఇంచుమించు ఒకే దూరంలో. అదే పార్‌-3 మైదానం అన్నారు. ఆడేవాళ్లు పొట్టి షాట్లకు వాడే ఒకే వెడ్జ్‌ పట్టుకుని ఒకే షాట్‌ తొమ్మిది సార్లు కొట్టి ఇంటికెళ్లారు. పిల్లలు నేర్చుకోవడానికో, పెద్దాట ఆడే ఓపిక తగ్గిన వృద్ధులకో తప్ప పనికిరాదన్న ముద్ర అలా పడింది. ఆ తప్పు మైదానం సైజుది అనుకోవడం అన్యాయం. 150 ఎకరాల్లో పెట్టే ఆలోచనలో సగమైనా పది ఎకరాల్లో పెట్టనివాళ్లది ఆ తప్పు.

నేల వాలే గురువు

పార్‌-3ల గురించి మాట్లాడుతూ నార్త్‌ బెరిక్‌ వెళ్లకుండా ఉండలేం. ఎడిన్‌బరోకి తూర్పున సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరది. అక్కడి వెస్ట్‌ లింక్స్‌ మైదానంలో పదిహేనో హోల్‌ పేరు రెడాన్‌. క్రిమియా యుద్ధం నాటి ఒక కోట బురుజు పేరే దీనికి పెట్టారు. సుమారు 190 గజాలు. ప్రపంచంలో దీన్ని చూసి కట్టినన్ని నకళ్లు మరే హోల్‌కీ లేవు. అంతగా ఏముంది అందులో?

గ్రీన్‌ ఆటగాడికి ఎదురుగా ఉండదు, ఏటవాలుగా పక్కకి తిరిగి ఉంటుంది. ముందు కుడివైపు ఎత్తు, వెనక ఎడమవైపు పల్లం. ఎడమపక్క ముందు భాగాన్ని లోతైన బంకరు కాస్తుంటుంది. గుంతను చూపే జెండా ఎక్కువగా ఆ బంకరు వెనకే. నేరుగా జెండా మీదికి కొట్టినవాడి బంతి ఎత్తు నుంచి దిగుతుంది, దిగినచోట ఆగదు. నేల వెనక్కి వాలుతుంది కాబట్టి జారిపోతుంది. రెండో దారి ఉంది. జెండా వైపు చూడకుండా, కుడిపక్క ఉన్న ఎత్తు భుజం మీద బంతిని దించాలి. అక్కణ్నుంచి వాలే దాన్ని ఎడమకు తిప్పి, గ్రీన్‌ పొడవునా నడిపించుకుంటూ జెండా దాకా తీసుకెళుతుంది. క్యారమ్స్‌లో ఎదురుగా ఉన్న కాయిన్‌ని వదిలేసి స్ట్రైకర్‌ని అంచుకు కొట్టి తిప్పుకొచ్చే ఆటగాడికి ఈ ఆనందం బాగా తెలుసు.

ఇందులో అసలు గొప్పదనం ఏమిటంటే, ఆ రెండో దారికి బలం అక్కర్లేదు. బంతిని ఆకాశంలోకి లేపలేని డెబ్బై ఏళ్ల ఆవిడ కూడా నేల మీద దొర్లించి, వాలుని సరిగ్గా చదివితే గ్రీన్‌ చేరొచ్చు. బలవంతుడికి పరీక్ష పెట్టి, బలహీనుడికి దారి చూపించే నేల అది. మైదానాల రూపకర్త చార్లెస్‌ మక్‌డొనాల్డ్‌ ఈ హోల్‌ని అమెరికా తీసుకెళ్లాడు. న్యూయార్క్‌ దగ్గర ఆయన కట్టిన నేషనల్‌ గోల్ఫ్‌ లింక్స్‌లో నాలుగో హోల్‌ దీని బిడ్డే. రెడాన్‌, ఈడెన్‌, షార్ట్‌, బియారిట్జ్‌ అని నాలుగు పార్‌-3 నమూనాలను ఆయన, ఆయన శిష్యులు ఎక్కడ మైదానం కట్టినా వాడారు. ఒకటి వాలుతో ఆడిస్తుంది, ఇంకొకటి మధ్యలో లోయలాంటి పల్లంతో, మరొకటి చిన్న దూరంలో కచ్చితత్వంతో. నూరేళ్ల కిందటే వాళ్లు కనిపెట్టిన ఈ వైవిధ్యం చిన్న మైదానాలకు ఎందుకు చేరలేదన్నది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. ఆలస్యంగానైనా చేరింది. విస్కాన్సిన్‌లో 2018లో తెరిచిన ‘శాండ్‌బాక్స్‌’లో ఈ పాత నమూనాలే చిన్న సైజులో కనిపిస్తాయి.

గురి తప్పాక ఏం జరుగుతుంది?

ఒక పార్‌-3 మైదానం గొప్పదో కాదో తేల్చడానికి నేను మొదట అడిగే ప్రశ్న ఇది. గ్రీన్‌ చేరిన షాట్‌ ఎక్కడైనా బాగానే ఉంటుంది. చేరని షాట్‌ తర్వాత ఆటగాడి ముందు ఏముంది? గడ్డిలో చిక్కిన బంతిని పైకి లేపడం తప్ప గత్యంతరం లేకపోతే అది పేద మైదానం. వెడ్జ్‌తో లేపాలా, నేల మీద దొర్లించాలా, పటర్‌తో వాలు ఎక్కించాలా అని రెండు నిమిషాలు ఆలోచింపజేస్తే అది మంచి మైదానం.

దీనికి మనవాళ్లకు దగ్గరైన ఉదాహరణే ఉంది. 2023లో, అమెరికాలోని అగస్టా మైదానంలో జరిగే మాస్టర్స్‌ టోర్నీ చివరి రోజు. హైదరాబాద్‌ మూలాలున్న తెలుగు కుటుంబంలో, కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన సాహిత్‌ తీగల అగస్టాలో తొలిసారి ఆడుతున్నాడు. పార్‌-3 అయిన పదహారో హోల్‌లో బంతి గ్రీన్‌ దాటి ఎడమవైపు పోయింది. 2005లో టైగర్‌ వుడ్స్‌ గ్రీన్‌ బయటి నుంచి చిప్‌ చేసి, బంతిని గుంతలో వేసి చరిత్రకెక్కిన చోటుకు అది దగ్గరే. జెండా వైపు కొట్టి లాభం లేదు. సాహిత్‌ బంతిని వాలు పైకి పంపాడు. అది అక్కడ దాదాపు ఆగినట్టే ఆగి, దిశ మార్చుకుని, మెల్లగా కిందికి దిగి గుంతలో పడింది. తొలి మాస్టర్స్‌లోనే సాహిత్‌ మరి కొందరితో కలిసి తొమ్మిదో స్థానంలో నిలిచాడు. గురి తప్పిన షాటే ఆ టోర్నీలో చిరస్థాయిగా నిలిచే దృశ్యానికి దారితీసింది. ఆ ఘనతలో ఆటగాడి చేతి పనితనం ఎంతో, ఆ వాలుని అక్కడ ఉంచినవాళ్ల ముందుచూపూ అంత.

అదే అగస్టాలో తొమ్మిది హోల్స్‌ పార్‌-3 మైదానమూ ఉంది. ప్రపంచంలో అందరికీ తెలిసిన పార్‌-3 మైదానం బహుశా అదే. 1958లో జార్జ్‌ కాబ్‌, క్లబ్‌ అధ్యక్షుడు క్లిఫర్డ్‌ రాబర్ట్స్‌ కలిసి 1,060 గజాల్లో రూపొందించారు. 1960 నుంచి మాస్టర్స్‌కి ముందు బుధవారం అక్కడ పోటీ పెడుతున్నారు. తొలి విజేత శామ్‌ స్నీడ్‌. ఛాంపియన్ల పిల్లలు, మనవలు తెల్లటి క్యాడీ దుస్తులేసుకుని పక్కన నడవడం చూడముచ్చటగా ఉంటుంది. 2015లో 75 ఏళ్ల జాక్‌ నిక్లస్‌ నాలుగో హోల్‌ని ఒక్క షాట్‌లో పూర్తిచేసింది అక్కడే. అక్కడ గెలిచినవారెవరూ ఇంతవరకు అదే ఏడాది మాస్టర్స్‌ గెలవలేదు.

ఇంత చెప్పినా, దాన్ని నమూనాగా తీసుకోవద్దనే అంటాను. చెరువుల చుట్టూ అల్లిన మైదానం కదా, చూడటానికి అద్భుతం. ప్రపంచ స్థాయి ఆటగాళ్లకు ఆ నీళ్లు అడ్డంకి కావు. కానీ దాన్ని చూసి ఊరూరా కట్టిన మైదానాల్లో ప్రతి గ్రీన్‌ ముందూ ఒక మడుగు తవ్వారు. కొత్తగా నేర్చుకుంటున్నవాడి బంతి నీళ్లలో పడితే ఇక ఆలోచించడానికేమీ ఉండదు, జేబులోంచి ఇంకో బంతి తీయడం తప్ప. ఇసుకలో పడితే బయటికొచ్చే విద్య నేర్చుకుంటాడు. పల్లంలో పడితే వాలు చదవడం నేర్చుకుంటాడు. నీళ్లు ఏమీ నేర్పవు. తొమ్మిదింటిలో ఒకచోట నీళ్లుంటే అందం, పక్కనుంచి పోయే దారి తప్పకుండా ఉండాలి.

పది ఎకరాల్లో పండగ

నార్త్‌ కరోలినాలోని పైన్‌హర్స్ట్‌ అమెరికా గోల్ఫ్‌కి పుణ్యక్షేత్రం లాంటిది. డొనాల్డ్‌ రాస్‌ కట్టిన నంబర్‌-2 మైదానంలో యూఎస్‌ ఓపెన్‌లు జరుగుతాయి. 2017లో అక్కడ క్లబ్‌హౌస్‌ ముందే, పది ఎకరాల్లో ‘క్రేడిల్‌’ అనే తొమ్మిది హోల్స్‌ మైదానం తెరిచారు. రూపకర్త గిల్‌ హాన్స్‌. 2016 రియో ఒలింపిక్స్‌ గోల్ఫ్‌ మైదానం కట్టింది ఈయనే. క్రేడిల్‌ మొత్తం పొడవు 789 గజాలు. హోల్స్‌ 56 గజాల నుంచి 127 గజాల దాకా ఉంటాయి.

గజాలు చూస్తే ఆటబొమ్మ అనిపిస్తుంది. గ్రీన్లు చూస్తే అభిప్రాయం మారిపోతుంది. ఒకటి గిన్నెలా లోపలికి వంగి ఎటు పడ్డ బంతినైనా మధ్యకి తెస్తుంది. చిన్నపిల్లలు కూడా అక్కడ ‘హోల్‌ ఇన్‌ వన్‌’ (ఒక్క షాట్‌లో గుంతలోకి) ఆశ పెట్టుకోవచ్చు. మరొకచోట అంచులు కిందికి జారి, కాస్త అటూ ఇటూ పడిన బంతిని నిర్దాక్షిణ్యంగా దించేస్తాయి. చుట్టూ ఆ ప్రాంతపు ఇసుకే, ఆ ప్రాంతపు గడ్డి దుబ్బులే. ఒక గ్రీన్‌ నుంచి తర్వాతి హోల్‌కి నాలుగు అడుగులేస్తే చాలు. స్పీకర్లలో పాటలు వినిపిస్తుంటాయి. నలుగురికి మించి కలిసి ఆడకూడదన్న పట్టింపు లేదు. 50 డాలర్ల టికెట్‌ మీద రోజంతా ఎన్నిసార్లయినా తిరగొచ్చన్న పద్ధతితో మొదలైంది. పెద్దవాళ్ల వెంట వచ్చిన పిల్లలకు ఉచితమన్నారు. పొద్దున నంబర్‌-2లో చెమటోడ్చిన పోటీ ఆటగాళ్లు సాయంత్రం రెండే కర్రలు చేతపట్టుకుని చెప్పుల్లేకుండా ఇక్కడ ఆడటానికి వస్తారు. గంటన్నరలోపే ఒక రౌండు అయిపోతుంది.

ఈ మైదానం మరెన్నింటికో దారి వేసింది. అయితే అంతకు ఐదేళ్ల ముందే, 2012లో, ఓరెగన్‌ తీరంలో బిల్‌ కూర్‌, బెన్‌ క్రెన్‌షా జోడీ కట్టిన ‘బ్యాండన్‌ ప్రిజర్వ్‌’ నాకు ఇంకా గొప్పగా తోస్తుంది. పసిఫిక్‌ మహాసముద్రం మీదికి దిగే ఇసుక దిబ్బల్లో ఉంటుందది. తొమ్మిది ఉండాలి, లేదా పద్దెనిమిది ఉండాలి అన్న నియమాన్ని వాళ్లు పక్కన పెట్టేశారు. నేల నడిచి చూస్తే సహజంగా దొరికినవి పదమూడు, అందుకే పదమూడే కట్టారు. చివరి హోల్‌ ఎంత పల్లంలోకి దిగుతుందంటే, మొదటి షాట్‌నే పటర్‌తో కొట్టి గ్రీన్‌ దాకా దొర్లించేవాళ్లు చాలామంది. మైదానం మీద మిగిలే ఆదాయం ఆ తీరప్రాంత పర్యావరణ పరిరక్షణకు వెళుతుంది. పదమూడు చూసిన ధైర్యంతోనే కావచ్చు, శాండ్‌బాక్స్‌లో 17 కట్టారు. బ్యాండన్‌లోనే 2024లో తెరిచిన ‘షార్టీస్‌’లో 19 ఉన్నాయి.

గాలి సంగతీ చెప్పాలి. పొట్టి హోల్‌కి గాలి తోడైతే అది రోజుకో హోల్‌ అవుతుంది. కాలిఫోర్నియాలోని పెబుల్‌ బీచ్‌లో సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఏడో హోల్‌ 106 గజాలే. గాలి లేని పూట చిన్న వెడ్జ్‌ చాలు. 1992 యూఎస్‌ ఓపెన్‌ చివరి రోజు గాలి విజృంభించినప్పుడు టామ్‌ కైట్‌ అక్కడ ఆరో నంబరు ఐరన్‌ తీయాల్సి వచ్చింది. అయినా గ్రీన్‌ తప్పింది. పక్కనుంచి చిప్‌ చేసి గుంతలో వేశాడు, ట్రోఫీ గెలిచాడు. 2021లో టైగర్‌ వుడ్స్‌ రూపొందించిన తొమ్మిది హోల్స్‌ మైదానం ‘ద హే’ అక్కడికి దగ్గర్లోనే ఉంది. దాని రెండో హోల్‌ ఆ ఏడో హోల్‌కి ప్రతిరూపం. ఖరీదైన పెద్ద మైదానంలో అడుగుపెట్టలేనివాళ్లు ఆ షాట్‌ని ఇక్కడ ఆడి చూడొచ్చు. గాలి బలం ఇంత కాబట్టే మంచి రూపకర్త హోల్స్‌ అన్నిటినీ ఒకే దిక్కుకి పెట్టడు. ఒకదానికి ఎదురుగాలి, ఇంకోదానికి వెనకగాలి, మరోదానికి పక్కగాలి వచ్చేలా తిప్పుతాడు. పది ఎకరాల్లో ఇది తేలికైన పని కాదు. ఒక హోల్‌ వాళ్ల బంతి పక్క హోల్‌ వాళ్ల తల మీద పడకుండా చూడటం దానికన్నా కష్టం.

ఎవరి కోసం?

మళ్లీ నార్త్‌ బెరిక్‌. రెడాన్‌ ఉన్న మైదానం పక్కనే అక్కడ పిల్లల మైదానం ఉంది. తొమ్మిది పొట్టి హోల్స్‌. పెద్దవాళ్లు ఆడాలంటే వెంట ఒక పిల్లవాడో పిల్లో ఉండాలన్నది అక్కడి నియమం. గోల్ఫ్‌లో ఇంతకన్నా మంచి నియమం నేను వినలేదు.

పెద్ద ఆటగాళ్లు ఎక్కడి నుంచి వస్తారో చూస్తే దాని విలువ అర్థమవుతుంది. లీ ట్రెవినో టెక్సస్‌లోని డాలస్‌లో కడు పేదరికంలో పెరిగాడు. ఒక ప్రాక్టీస్‌ రేంజ్‌లో పనిచేస్తూ అక్కడి చిన్న పార్‌-3 మైదానంలో ఆడేవాడు. డాక్టర్‌ పెప్పర్‌ శీతలపానీయం సీసాకి టేపు చుట్టి, దానితోనే బంతి కొట్టి పందేలు గెలిచేవాడు. ఆ చేతులే 1971లో నెల తిరక్కుండా అమెరికా, కెనడా, బ్రిటిష్‌ ఓపెన్‌లు మూడింటినీ గెలిచాయి. ముప్పై ఏళ్ల తర్వాత, 2001లో, మిషిగన్‌లోని ట్రీటాప్స్‌ పార్‌-3 మైదానంలో జరిగిన పోటీలో అదే ట్రెవినో ఒక్క షాట్‌తో బంతిని గుంతలో వేసి పది లక్షల డాలర్ల బహుమతి అందుకున్నాడు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి.

ఆటను నడిపే సంస్థలు కూడా ఈ మధ్యే కళ్లు తెరిచాయి. ఆటగాడి స్థాయిని అంకెలో చెప్పే ప్రపంచ హ్యాండిక్యాప్‌ విధానంలో గుర్తింపు పొందాలంటే 18 హోల్స్‌ మైదానం పొడవు కనీసం 3,000 గజాలు ఉండాలని ఒకప్పుడు షరతు. 2024లో దాన్ని 1,500 గజాలకు, తొమ్మిది హోల్స్‌కైతే 750 గజాలకు తగ్గించారు. పార్‌-3 మైదానంలో చేసిన స్కోరు కూడా ఇప్పుడు లెక్కలోకి వస్తుంది. వారానికోసారి ఓ గంట ఆడే ఉద్యోగినికీ, బడి నుంచి నేరుగా వచ్చే పిల్లవాడికీ ఇది గౌరవం. ఎప్పుడో ఇవ్వాల్సిన గౌరవం.

ఇక మన దగ్గరికొద్దాం. హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కన నయాఖిలా మైదానం, విశాఖలో ముడసర్లోవ దగ్గరి ఈస్ట్‌ పాయింట్‌ మైదానం అందమైనవే. అయితే క్లబ్బు గేటు దాటి లోపలికి వెళ్లే అవకాశం ఎందరికి ఉంది? పూర్తి స్థాయి మైదానానికి 120 ఎకరాల పైనే కావాలి. ఒక రౌండుకి నాలుగు గంటలు పోతాయి. మామూలు కుటుంబానికి ఇవేవీ అందేవి కావు. పది ఎకరాల పార్‌-3 మైదానం మాత్రం నగరాలకు అందుతుంది. దక్కన్‌ రాతి నేలల్లో సహజమైన వాలులకు కొదవ లేదు. విశాఖలో గాలికీ కొరత లేదు. గడ్డి తడపడానికి తాగునీటిలో చుక్క కూడా వాడకుండా శుద్ధిచేసిన మురుగునీటితోనే నడపాలన్న షరతు మొదటి రోజే పెట్టుకోవాలి. టికెట్‌ సినిమా టికెట్‌ని మించకూడదు. కర్రలు అక్కడే అద్దెకివ్వాలి. గ్రీన్ల విషయంలో మాత్రం పిసినారితనం చూపకూడదు. చవగ్గా తొమ్మిది గుండ్రటి పచ్చిక చాపలు పరిచి వదిలేస్తే ఏడాదికే జనం రావడం మానేస్తారు.

పార్కులకు స్థలాలు చూసే నగరపాలక సంస్థలు ఒక్క మైదానంతో ఈ ప్రయోగం చేసి చూడాలి. అమెరికాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు అంతవరకు ఆగాల్సిన అవసరం లేదు. అక్కడ చాలా ఊళ్లలో ప్రభుత్వమే నడిపే పార్‌-3 మైదానాలున్నాయి. ఫ్లోరిడాలోని పామ్‌ బీచ్‌లో అట్లాంటిక్‌ ఒడ్డునున్న 18 హోల్స్‌ పార్‌-3 మైదానం కూడా ఆ పట్టణానిదే. ఈ వారాంతం పిల్లల్ని, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని దగ్గర్లోని దానికి వెళ్లండి. మనిషికి రెండు కర్రలు చాలు, అందులో ఒకటి పటర్‌ అయితే సరి.